ఎనభై అడుగుల సముద్రం

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల ఆల్బమ్ తిరగేస్తే కొన్ని ఫొటోలు దాదాపు అందరిళ్లలోనూ ఒకేలా ఉంటాయి. నయాగరా ముందు రెయిన్‌కోటు వేసుకుని ఒకటి, స్వేచ్ఛాదేవి విగ్రహం ముందు ఒకటి. ఫ్లోరిడా దాకా వెళ్లినవాళ్లయితే ఇంకొకటి కూడా ఉంటుంది. వెనక నీలంరంగు కొలను, అందులోంచి నిలువునా గాల్లోకి లేచిన డాల్ఫిన్... ముందు వరసలో తడిసిన కొంగు పిండుకుంటూ అమ్మ, పక్కన చిన్నపిల్లాడిలా నవ్వేస్తూ నాన్న. ‘మనిషిలా తలూపుతుందండీ, చెప్పిందల్లా చేస్తుంది’ అని ఊరికి వచ్చాక పదిమందికైనా చెప్పి ఉంటారు.

అందులో అబద్ధమేం లేదు. డాల్ఫిన్ నిజంగానే చెప్పిందల్లా చేస్తుంది. కాకపోతే చెప్పేవాళ్ల చేతికందేంత దూరంలో చేపల బకెట్టు ఒకటి ఉంటుంది. ఇక ఆ నవ్వు ముఖం అంటారా... అది నవ్వే కాదు. దాని దవడ తీరే అంత. కోపం వచ్చినా, జబ్బు చేసినా, ఆఖరికి ప్రాణం పోయినా ఆ ముఖం అలా నవ్వుతున్నట్టే ఉంటుంది. బందీగా ఉన్న మరే జంతువుకీ లేని ఇబ్బంది ఇది. బోనులో పులి అటూ ఇటూ పచార్లు చేస్తుంటే చూసేవాళ్లకి ఎక్కడో కలుక్కుమంటుంది. గొలుసు వేసిన ఏనుగు అదేపనిగా తల ఊపుతుంటే అయ్యో అనిపిస్తుంది. డాల్ఫిన్‌ని చూస్తే మాత్రం ‘ఎంత హాయిగా ఉందో’ అనుకుంటాం.

ఇంత తెలివైన ప్రాణిని తెచ్చి తొట్టిలో ఆడించడం న్యాయమేనా అన్న వాదన మొదలై యాభై ఏళ్లు దాటింది. వదిలెయ్యండి అని ఒక పక్షం. వదిలితే బతకవు అని రెండో పక్షం. చిత్రమేమిటంటే రెండు మాటల్లోనూ నిజముంది. అలా ఎందుకయిందో తెలియాలంటే మయామీలో సముద్రం పక్కనే ఉన్న ఒక కొలనులో దాదాపు 53 ఏళ్లు బతికిన టోకిటే కథ తెలుసుకోవాలి.

టోకిటే ఒక ఓర్కా. కిల్లర్ వేల్ అని పేరు పడినా నిజానికి డాల్ఫిన్ల కుటుంబానిదే ఈ జాతి. ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. ఒళ్లంతా నలుపు, పొట్ట కింద తెలుపు, కంటి వెనక తెల్లటి మచ్చ. ఒకసారి చూస్తే మరచిపోయే రూపం కాదు.

వల పడిన రోజు

1970 ఆగస్టు 8. అమెరికాకి వాయవ్యాన వాషింగ్టన్ రాష్ట్రంలో విడ్బీ అనే దీవి, ఆ దీవిని ఆనుకుని పెన్ కోవ్ అనే చిన్న అఖాతం. పైన విమానం తిరుగుతూ ఓర్కాలు ఎటు పోతున్నాయో చెబుతోంది. కింద పడవలు తరుముతున్నాయి. అవి పక్కకి మళ్లకుండా నీళ్లలో బాంబుల్లాంటివి పేలుస్తున్నారు. అలా 80కి పైగా ఓర్కాలని అఖాతంలోకి తోలి వలలు వేశారు. వేటకు పెద్దలు టెడ్ గ్రిఫిన్, డాన్ గోల్డ్స్‌బెర్రీ అనే ఇద్దరు. వాళ్లకి కావలసింది పెద్దవి కాదు, పిల్లలు. పిల్లలైతే లారీలో పడతాయి, విమానంలో పడతాయి, చెప్పింది నేర్చుకుంటాయి. తల్లుల నుంచి పిల్లలని వలలతో వేరుచేసి ఒక్కొక్కదాన్నీ ఊయలలాంటి పట్టాలో పైకి లేపారు. ఒడ్డున నిలబడి చూసినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా చెప్పింది ఒకటే... ఆ అరుపులు. అవతల వలలో ఉన్న పెద్దవీ, పట్టాలో ఉన్న పిల్లలూ ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉన్నాయట.

ఆ వేటలో ఏడు పిల్లలు అమ్ముడుపోయాయి. మరో ఐదు వలల్లో చిక్కి ఊపిరాడక చచ్చిపోయాయి, వాటిలో నాలుగు పసికూనలు. సంగతి బయటపడకుండా వాటి పొట్టలు చీల్చి, రాళ్లు కూరి సముద్రంలో ముంచేశారు. సముద్రం ఆ రహస్యాన్ని ఎక్కువకాలం దాచలేదు. ఆ ఏడాది నవంబరులోనే కళేబరాలు తేలి బయటికొచ్చాయి. గగ్గోలు పుట్టింది. 1976లో అదే రాష్ట్రంలో మరో వేట జరిగినప్పుడు ప్రభుత్వమే కోర్టుకెక్కింది. ఇకమీద ఇక్కడ ఓర్కాలని పట్టబోమని సీవరల్డ్ సంస్థ ఒప్పుకున్నాక గానీ ఆ నీళ్లలో వేట ఆగలేదు. ఈలోగా ఆ ప్రాంతపు మందల నుంచి నలభై యాభై దాకా పోయాయి. ఎక్కువగా పిల్లలే కావడంతో ఒక తరానికి తరమే ఎగిరిపోయినట్టయింది. ఆ మందలు నేటికీ కోలుకోలేదు. మొత్తం కలిపి ఎనభైకి లోపే మిగిలాయి.

ఒక పిల్ల పోతే అంత నష్టమా అనిపించవచ్చు. ఆ ఓర్కాల సంసారం తీరు తెలిస్తే ఆ మాట రాదు. మనదగ్గర ఉమ్మడి కుటుంబాలు ఎప్పుడో చెదిరిపోయాయి గానీ అక్కడ ఇంకా నడుస్తున్నాయి. కొడుకైనా కూతురైనా బతికినంతకాలం తల్లిని అంటిపెట్టుకునే ఉంటారు. మందకి పెద్దదిక్కు అమ్మమ్మ. చేపలు దొరికే చోట్లు ఆవిడకే తెలుసు. శ్రీకాకుళం యాస వేరు, చిత్తూరు యాస వేరు అయినట్టు ప్రతి మందకీ తనదైన పిలుపులుంటాయి. పిల్లలు వాటిని తల్లి దగ్గర నేర్చుకుంటాయి. పక్క మంద పిలుపు వింటే పక్క మందదని గుర్తుపడతాయి.

పెన్ కోవ్‌లో పట్టిన పిల్లల్లో ఒకదాని వయసు నాలుగేళ్లుంటుందని అంచనా. అది దేశానికి ఆ కొస నుంచి ఈ కొసకి, ఫ్లోరిడాలోని మయామీ సీక్వేరియానికి సెప్టెంబరులో చేరింది. అక్కడి పశువైద్యుడు దానికి వాయవ్య తీరంలోని ఆదివాసుల వ్యవహారభాష నుంచి టోకిటే అని పేరు పెట్టాడు. ప్రదర్శనకి ఆ పేరు పలకలేదని నిర్వాహకులు లోలిటా అన్నారు. అభిమానులకి టోకీ.

గోడకి అవతల

దానికిచ్చిన కొలను పొడవు 80 అడుగులు. లోతు, బాగా లోతున్నచోట 20 అడుగులు. పెరిగి పెద్దయ్యాక టోకీ పొడవే 20 అడుగులు. అంటే నిలువునా నిలబడితే తోక నేలకి తగులుతుంది. ఐదున్నర అడుగుల మనిషిని 22 అడుగుల గదిలో పెట్టి, ఇక జీవితమంతా ఇందులోనే అన్నట్టు లెక్క. సముద్రంలో ఓర్కా రోజుకి వంద కిలోమీటర్లు ఈదడం మామూలు విషయం. ఆ కొలను గోడ దాటి కొద్ది అడుగులు వేస్తే బిస్కేన్ అఖాతం. ఉప్పుగాలి లోపలికి వస్తుంది, టోకీ బయటికి పోలేదు.

అక్కడ అప్పటికే హ్యూగో అనే మగ ఓర్కా ఉంది. అదీ వాషింగ్టన్ నీళ్లలో పట్టిందే. రెండూ కలిసి పదేళ్లు ఆటలాడాయి. హ్యూగోకి గోడకేసి తల బాదుకునే అలవాటుండేది. 1980 మార్చిలో మెదడులో రక్తనాళం చిట్లి చచ్చిపోయింది. తల బాదుకోవడం వల్లే అలా జరిగిందా అన్న సంగతి ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత 43 ఏళ్లపాటు టోకీ మరో ఓర్కాని చూడలేదు. తోడుకి చిన్న డాల్ఫిన్లని వదిలారు. అయినా తన మంద పిలుపులని టోకీ మరచిపోలేదని దాని గొంతు రికార్డు చేసిన పరిశోధకులు చెప్పారు. బదులిచ్చేవాళ్లు లేని భాషని అన్నేళ్లు ఎలా నిలుపుకుందో!

ఈ సీక్వేరియానికి మరో కథ కూడా ఉంది. 1964 నుంచి 67 వరకూ అమెరికా టీవీలో వచ్చిన ‘ఫ్లిప్పర్’ సీరియల్‌ని ఊరూవాడా చూసింది. అందులో ఫ్లిప్పర్ పాత్ర వేసిన డాల్ఫిన్లకి ఆటలు నేర్పింది ఇక్కడి ట్రైనరే. పేరు రిక్ ఓబారీ. వాటిని సముద్రంలో పట్టుకొచ్చినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. టీవీలో సీరియల్ వస్తుంటే సెట్టుని కొలను దగ్గరికి తీసుకెళ్లి వాటికి చూపించేవాడట. క్యాథీ అనే ఆడ డాల్ఫిన్ తనని తాను తెరమీద గుర్తుపట్టేదని ఆయన చెబుతాడు. సీరియల్ అయిపోయింది. క్యాథీ కొలనులో ఒంటరిగా మిగిలింది. 1970 ఏప్రిల్లో ఒకరోజు ఓబారీ వెళ్లేసరికి అది ఆయన చేతుల్లోకి వచ్చి, ఒక ఊపిరి తీసుకుని, మరో ఊపిరి తీసుకోకుండా అడుగుకి జారిపోయింది. డాల్ఫిన్‌కి ఊపిరి మనలా దానంతటదే ఆడదు, ప్రతిసారీ పైకొచ్చి తెలిసి తీసుకోవాలి. కాబట్టి అది ఆత్మహత్యేనని ఆయన నమ్మకం. శాస్త్రవేత్తలంతా ఒప్పుకునే మాట కాదది. కాకపోతే ఆ తర్వాత ఆయన చేసింది మాత్రం అందరికీ తెలుసు. కొద్దిరోజులకే బహమాస్‌లోని బిమినీ దీవికి వెళ్లి, ఒక ప్రయోగశాలలో ఉన్న డాల్ఫిన్‌ని విడిపించబోయి జైల్లో పడ్డాడు. అప్పట్నుంచీ అదే పని. జపాన్‌లోని తాయిజీలో జరిగే డాల్ఫిన్ల వేటని రహస్యంగా చిత్రించిన ‘ద కోవ్’ డాక్యుమెంటరీలో కనిపించేది ఆయనే. ఆ చిత్రం 2009లో వచ్చింది, ఆస్కార్ గెలిచింది.

ఓబారీ ఆ కొలనులు వదిలి బయటికొచ్చిన ఏడాదే టోకీ లోపలికొచ్చింది.

అక్వేరియం వాళ్ల మాట

అక్వేరియంలని తిట్టడం తేలిక. కాని వాళ్ల వాదనని అంత సులువుగా కొట్టిపారెయ్యలేం. 1960ల దాకా ఓర్కా అంటే జనానికి హడల్. చేపలు తినేస్తోందని మత్స్యకారులు కనపడితే కాల్చేసేవారు. 1961లో కెనడా మత్స్యశాఖ ఓర్కాలు తిరిగే ఒక జలసంధి ఒడ్డున ఏకంగా మెషిన్‌గన్నే బిగించింది. పేల్చకుండానే తీసేశారనుకోండి, ఆలోచన అయితే అది.

1964లో వాంకూవర్ అక్వేరియం వాళ్లకి హాల్లో పెట్టడానికి ఓర్కా బొమ్మ కావలసివచ్చింది. కొలతల కోసం ఒకదాన్ని చంపి తెమ్మని ఒక శిల్పిని పంపారు. ఆయన బల్లెం గురిచూసి విసిరాడు. తగిలింది గాని ఓర్కా చావలేదు. పక్కనున్న రెండు ఓర్కాలు దాన్ని ఊపిరి తీసుకునేలా పైకెత్తి పట్టుకున్నాయి. చంపడానికి మనసొప్పక బల్లెం తాడుతోనే దాన్ని వాంకూవర్‌కి లాక్కొచ్చారు. ఆడదనుకుని మోబీ డాల్ అని పేరు పెట్టారు (పోయాక చూస్తే మగది!). మూడు నెలలు కూడా బతకలేదు. కాని ఆ మూడు నెలల్లో రాక్షసి అనుకున్నది కాస్తా సాధుజీవి అని ప్రపంచానికి తెలిసిపోయింది. బల్లెం విసిరిన మనిషే దాన్ని దగ్గరుండి చూసుకున్నాడు.

మేం చూపించకపోతే మీరు ప్రేమించేవారా అని అక్వేరియంలు అడిగేది ఇందుకే. నిజమే. డాల్ఫిన్ కళ్లకి గంతలు కట్టినా శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో దారి చూసుకోగలదని 1960 ప్రాంతంలో రుజువైంది కొలనులోనే. గర్భం ఎన్నాళ్లు మోస్తుందో, పిల్లకి పాలెలా ఇస్తుందో దగ్గరగా చూడగలిగిందీ అక్కడే. మంచి వసతులున్న చోట మామూలు డాల్ఫిన్లు ఇప్పుడు సముద్రంలో ఉన్నంతకాలమూ బతుకుతున్నాయని ఈమధ్య అధ్యయనాలు కూడా వచ్చాయి. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఆ ప్రేమ ఏం చేసిందో కూడా చెప్పాలి. మోబీ డాల్‌ని చూశాక ప్రతి అక్వేరియానికీ ఓ ఓర్కా కావలసివచ్చింది. ఆరేళ్లు తిరక్కుండానే పెన్ కోవ్‌లో వలలు పడ్డాయి. పైగా డాల్ఫిన్ గురించి మొదట తెలుసుకున్నంత కొత్త సంగతి, బంతిని ముక్కుమీద నిలబెట్టే ఆటని రోజూ చూడటం వల్ల తెలుస్తుందా అంటే అనుమానమే.

ప్రేమ కూడా అన్నిసార్లూ గెలవలేదు. ఐస్లాండ్ దగ్గర 1983లో పట్టుకొచ్చిన టిలికం అనే మగ ఓర్కా, 2010 ఫిబ్రవరిలో ఓర్లాండో సీవరల్డ్‌లో తన ట్రైనర్ డాన్ బ్రాంషోని నీళ్లలోకి లాగి చంపేసింది. ఆమె అనుభవంలేని మనిషి కాదు, దాన్ని ద్వేషించిన మనిషి అంతకంటే కాదు. అంతకుముందు మరో రెండు మరణాల్లోనూ టిలికం పేరుంది. సముద్రంలో తిరిగే ఓర్కా మనిషిని చంపిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ కథతో 2013లో ‘బ్లాక్‌ఫిష్’ డాక్యుమెంటరీ వచ్చి దుమారం రేపాక, 2016లో సీవరల్డ్ ఇక ఓర్కాలకి పిల్లలు పుట్టించబోమని ప్రకటించింది. మరుసటి ఏడాది జనవరిలో టిలికం పోయింది.

విల్లీ ఇంటికెళ్లాడా?

మరి వదిలేస్తే సరి కదా? ఏళ్ల తరబడి ఆటలాడిన ఓర్కాల్లో అలా వదిలి చూసింది ఒక్కదాన్నే. దాని పేరు కీకో. ‘ఫ్రీ విల్లీ’ సినిమా గుర్తుందా? 1993లో వచ్చింది. ఆఖర్లో ఓర్కా ఒక పిల్లాడి తల మీదుగా రాళ్లు దాటి సముద్రంలోకి దూకుతుంది. హాల్లో చప్పట్లు. సినిమా అయ్యాక పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే... నిజం విల్లీ ఎక్కడుంది? నిజం విల్లీ, అంటే కీకో, మెక్సికో నగరంలో ఓ పార్కులో సన్నటి కొలనులో, వేడినీళ్లలో, ఒంటినిండా చర్మవ్యాధితో ఉంది. రెండేళ్ల వయసులో ఐస్లాండ్ దగ్గర పట్టుకుని, కెనడాలోని మెరైన్‌ల్యాండ్ మీదుగా అక్కడికి అమ్మేశారు.

పిల్లలు డిబ్బీలు పగలగొట్టి డబ్బులు పంపారు. కోటీశ్వరులూ ఇచ్చారు. 1996లో కీకోని సరుకు విమానంలో ఒరెగాన్‌కి తరలించారు. అక్కడ కాస్త కోలుకుని ఒళ్లు చేసింది. 1998లో అమెరికా సైనిక విమానమే దాన్ని ఐస్లాండ్‌కి మోసుకెళ్లింది. క్లెట్స్‌విక్ అనే అఖాతంలో వల కట్టి బతకడం నేర్పడం మొదలుపెట్టారు. చచ్చిన చేపని నోట్లో వేస్తే తినడం తెలిసిన దానికి బతికిన చేపని వెంటాడటం నేర్పాలి. మనుషులని చూస్తే పరుగెత్తుకొచ్చే దానికి మనుషులని పట్టించుకోవద్దని నేర్పాలి. ఇందుకోసం దాని కళ్లలోకి చూడటం కూడా మానేశారు ట్రైనర్లు. సముద్రంలోకి తీసుకెళ్లి ఓర్కాల మందల దగ్గర వదిలితే కొంచెం దూరంలో ఆగిపోయి చూస్తుండేది. వాటితో కలిసింది తక్కువ. కలవడానికి దాని మంద ఏదో ఎవరికీ తెలియదు.

2002 వేసవిలో ఒకసారి వెళ్లి మరి తిరిగిరాలేదు. వారాల తరబడి ఈదుకుంటూ దాదాపు 1500 కిలోమీటర్ల అవతల నార్వే తీరంలో తేలింది. హమ్మయ్య, నెగ్గిందని అందరూ అనుకునేలోపు వార్త వచ్చింది. హాల్సా అనే పల్లె దగ్గర పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని ఆడుతోంది! వెతుక్కుంటూ వెళ్లింది ఓర్కాలని కాదు, మనుషులని. 2003 డిసెంబరు 12న న్యుమోనియాతో చచ్చిపోయింది. వయసు 27. ఖర్చు రెండు కోట్ల డాలర్లు పైమాటే. చీకటిపడ్డాక మంచులోనే పూడ్చిపెట్టారు. తర్వాత పల్లె పిల్లలు వచ్చి ఆ గుట్టమీద తలో రాయి పెట్టారు.

చూశారా, వదిలితే ఏమైందో అన్నారు పార్కులవాళ్లు. మెక్సికోలోనే ఉంటే ఏమయ్యేది, చివరి ఐదేళ్లు సముద్రపు నీళ్లలో గడిపింది కదా అన్నారు వదిలినవాళ్లు. తప్పు వదలడంలో లేదు, రెండేళ్ల పిల్లని పట్టుకోవడంలో ఉంది. పట్టుకున్న రోజే కీకో తిరిగివెళ్లే దారి సగం మూసుకుపోయింది. మిగతా సగాన్ని చేపల బకెట్టు మూసేసింది.

ఆలస్యమైన విమానం

టోకీకి మాత్రం మంద ఎక్కడుందో తెలుసు. ఏ నీళ్లలో తిరుగుతోందో, ఏ చేప తింటోందో తెలుసు. అందుకే దాన్ని తీసుకెళ్లాలని కోరినవాళ్లు దశాబ్దాలు పోరాడారు. ఆ తీరపు ఆదివాసులైన లుమ్మీలు ఓర్కాలని అలల కింద ఉండే తమ చుట్టాలుగా చూస్తారు. మా ఇంటి ఆడపిల్లని మాకివ్వండి అన్నట్టే అడిగారు వాళ్లు. కోర్టు కేసులు నడిచాయి. 2022లో సీక్వేరియం చేతులు మారాక టోకీ ఆటలు ఆగాయి. 2023 మార్చి 30న కొత్త యజమానులు, ఉద్యమకారులు, ఖర్చు భరిస్తానన్న ఒక ధనవంతుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని టోకీని ఇంటికి పంపుతున్నామని ప్రకటించారు. వాషింగ్టన్ తీరంలో సముద్రంలోనే పెద్ద వల కట్టి అందులో ఉంచాలని పథకం.

అప్పుడు కూడా ఒక్కమాటగా లేరు. యాభై ఏడేళ్ల వయసులో విమానం ఎక్కిస్తే తట్టుకుంటుందా? ఇక్కడి జబ్బు ఏదైనా అక్కడ మిగిలిన ఆ కొద్ది ఓర్కాలకీ అంటితే? దాని పోషణ చూసినవాళ్లలోనే కొందరు వద్దన్నారు. వాళ్లది ప్రేమ కాదనలేం. ఆ తర్జనభర్జనల్లో ఉండగానే ఆగస్టు 18న టోకీ కన్నుమూసింది. వయసు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు అన్నీ కలిసి కారణమని తర్వాత తేల్చారు. విమానం అయితే ఎక్కింది... బూడిదగా. కాశీకో రాజమండ్రికో అస్థికలు తీసుకెళ్లినట్టు మయామీ నుంచి తీసుకెళ్లి, సెప్టెంబరులో లుమ్మీలు ఆ నీళ్లలో కలిపారు. 2025 అక్టోబరులో మయామీ సీక్వేరియమే మూతపడింది. డెబ్బై ఏళ్ల పార్కు అది.

పార్కులు మూతపడటం శుభవార్తే అనుకుంటాం. లోపల ఉన్నవాటికి అది శుభమో కాదో చెప్పలేం. కెనడా 2019లో చట్టం చేసి డాల్ఫిన్లనీ తిమింగలాలనీ వినోదానికి పెంచడాన్ని నిషేధించింది. అప్పటికే ఉన్నవాటిని మాత్రం ఉండనిచ్చింది. కీకోని మెక్సికోకి అమ్మింది చెప్పుకున్నాం కదా, ఆ మెరైన్‌ల్యాండే మూతపడి, 30 బెలూగాలని (తెల్ల తిమింగలాలివి) చైనా పార్కుకి పంపేస్తానంది. 2025 అక్టోబరులో కెనడా మంత్రి కుదరదన్నారు. పంపనివ్వకపోతే మేపడానికి డబ్బుల్లేవు, చంపేయాల్సి వస్తుందని పార్కు బెదిరించింది. ఫ్రాన్స్‌లోనూ ఇదే తంతు. 2021 చట్టంతో ఆటలకి కాలం చెల్లి, యాంటిబ్‌లోని పార్కు 2025 జనవరిలో గేట్లు మూసింది. మూసి నెలలు గడిచినా వికీ అనే తల్లి ఓర్కా, దాని కొడుకు కీజో ఖాళీ స్టేడియంలో పాచిపట్టిన కొలనులో తిరుగుతూనే ఉన్నాయి. రెండూ ఆ పార్కులోనే పుట్టినవి. సముద్రం వాటికి ఇల్లు కాదు, ఎప్పుడూ చూడని ఊరు.

వీటికోసం సముద్రంలోనే గట్లు కట్టి ఆశ్రమాల్లాంటివి పెట్టాలన్నది ఇప్పుడందరూ చెబుతున్న దారి. షాంఘైలో ఆటలాడిన రెండు బెలూగాలని 2019లో ఐస్లాండ్‌కి తెచ్చారు, కీకో నేర్చుకున్న ఆ క్లెట్స్‌విక్‌కే. అవి ఎక్కువకాలం గడిపింది మాత్రం ఒడ్డున కట్టిన కొలనులోనే. అఖాతానికి అలవాటుపడటం అనుకున్నంత తేలిక కాలేదు.

మన గడప దగ్గర

ఈ చిక్కంతా మనకి ఎందుకు లేదు? మనం మంచివాళ్లం కాబట్టి అనుకుంటే పొరపాటు. మనమూ మొదలుపెట్టాం. 1990ల చివర్లో చెన్నై శివార్లలో డాల్ఫిన్ సిటీ అని వెలిసింది. బల్గేరియా నుంచి డాల్ఫిన్లని తెచ్చారు. ఆరు నెలలు తిరక్కుండానే అవి చచ్చిపోయాయి. మళ్లీ పదేళ్లు దాటాక కొచ్చిలో ఒకటి, మహారాష్ట్రలో సింధుదుర్గ్ దగ్గర ఒకటి, నోయిడాలో ఒకటి అంటూ ప్రతిపాదనలు మొదలయ్యాయి. పర్యాటకులొస్తారు, ఉద్యోగాలొస్తాయి... ఎప్పుడూ వినే మాటలే.

జంతుప్రేమికులు వీధికెక్కారు. 2013 మే 17న కేంద్రం, సెంట్రల్ జూ అథారిటీ ద్వారా రాష్ట్రాలన్నిటికీ ఒక సర్క్యులర్ పంపింది. డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకి అనుమతి ఇవ్వొద్దని సారాంశం. ఇంత తెలివైన వీటిని మనుషులు కాని వ్యక్తులుగా చూడాలని శాస్త్రవేత్తలు అంటున్నారనీ, వినోదం కోసం బంధించడం నైతికంగా సరికాదనీ అందులో రాశారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని డాల్ఫిన్లకి భారత్ మనిషి హోదా ఇచ్చేసిందని విదేశీ పత్రికలు కొన్ని ఊదరగొట్టాయి. అంత లేదు. అదొక సర్క్యులర్, శాస్త్రవేత్తల మాటని ప్రస్తావించిన సర్క్యులర్. కాని పని మాత్రం జరిగింది. ఆ కొలనులు నిండలేదు. కొచ్చికి రావలసిన డాల్ఫిన్ ఏ సముద్రంలోనో ఉండిపోయింది. దాన్ని ఎలా వెనక్కి పంపాలన్న ప్రశ్నే రాలేదు. ప్రపంచంలో కోట్ల డాలర్లు పోసినా తేలని సమస్యని మనవాళ్లు ఒక్క ఉత్తరంతో తప్పించారు. సర్కారు కాగితాలని వెక్కిరించడం మనకి అలవాటు గాని, ఈ కాగితానికి మాత్రం దండం పెట్టొచ్చు.

అంతమాత్రాన మన డాల్ఫిన్లు క్షేమం అని కాదు. గంగానది డాల్ఫిన్‌ని 2009లో జాతీయ జలచరంగా ప్రకటించాం. 2025లో విడుదలైన లెక్కల ప్రకారం మన నదుల్లో ఉన్నవి 6,327. ఆనకట్టలు, వలలు, మురుగు వాటి పాలిట కొలను గోడలే. విశాఖ, కాకినాడల నుంచి వేటకి వెళ్లేవాళ్లకి సముద్రపు డాల్ఫిన్లు కొత్తేం కాదు, వలలో చిక్కి చచ్చినవి ఒడ్డుకి కొట్టుకురావడమూ కొత్త కాదు.

ఇక చూడాలన్న ముచ్చట ఉన్నవాళ్లకి శ్రీకాకుళం దాటి ఒడిశాలో అడుగుపెడితే చిలికా ఉంది. సాతపాడా రేవు నుంచి పడవలు తిరుగుతాయి. ఆ సరస్సులో ఇరావతి డాల్ఫిన్లు నూటయాభై, అటూ ఇటూగా. గుండ్రటి తల, ముక్కు ఉండదు, గాల్లోకి గెంతవు, బంతి ఆడవు. మోటారు పడవలు వెంటపడితే రెక్కలు తగిలి గాయపడతాయి కాబట్టి దూరంగానే ఆగాలని నియమం. అన్ని పడవలూ పాటించవు. పాటించే పడవ దొరికితే మోటారు ఆపేస్తారు, నీళ్లమీద చప్పుడుండదు. కాసేపటికి ఎక్కడో బూడిదరంగు వీపు ఒకటి పైకొచ్చి, ఫుస్ మని ఊపిరి వదిలి, ఫొటో తీసేలోపే మునిగిపోతుంది. కొన్నిరోజులు అదీ కనిపించదు.